వెనక్కి పంపిన వస్తువు ఎక్కడికి వెళ్తుంది?

బదిలీ ఆర్డరు రాగానే మన ఇళ్ళలో ముందుగా కనిపించేవి అట్టపెట్టెలు. నాన్నగారు మార్కర్ పెన్నుతో ఒక్కో పెట్టె మీద ఒక్కో అంకె వేస్తారు. అమ్మ పాత నోటుపుస్తకంలో రాసుకుంటుంది: "7 - వంటగది, స్టీలు సామాను. 8 - పుస్తకాలు. 9 - గాజు సామాను, జాగ్రత్త." కొత్త ఊరు చేరాక "నా జామెట్రీ బాక్సు ఎక్కడ?" అని మనం అడిగితే, అమ్మ పెట్టెలన్నీ విప్పదు. నోటుపుస్తకం తీసి "ఎనిమిదో పెట్టెలో చూడు" అంటుంది.

పెద్ద పెద్ద గిడ్డంగులలో యంత్రాలు చేసే పని కూడా ఇదే. ప్రతి వస్తువుకూ ఒక అంకె, ఆ అంకె ఎక్కడుందో చెప్పే ఒక పుస్తకం. తేడా ఏమిటంటే అక్కడ పెట్టెలు ఇరవై కావు, లక్షలు. నోటుపుస్తకానికి బదులు కంప్యూటరు, అమ్మ కళ్ళకు బదులు స్కానరు ఉంటాయి.

ఈ పాఠంలో మనం ఒక బూట్ల జతతో ప్రయాణం చేద్దాం. ఫీనిక్స్ బేలో ఉండే ఒక విద్యార్థి ఆన్‌లైన్‌లో బూట్లు తెప్పించుకున్నాడనుకుందాం. అవి బిగుతుగా ఉన్నాయి. వెనక్కి పంపించాడు. ఇంటి గుమ్మం దగ్గర పెట్టె చేతులు మారగానే మనం దాన్ని మరిచిపోతాం. నిజానికి ఆ పెట్టె కథ అక్కడే మొదలవుతుంది.

ముందుకు పంపడం తేలిక, వెనక్కి తీసుకోవడం కష్టం

గిడ్డంగి నుంచి బయటికి వెళ్ళే వస్తువు గురించి కంప్యూటరుకు అంతా తెలుసు. అది కొత్తది, దాని బరువు ఇంత, పెట్టె కొలత ఇంత, వెళ్ళాల్సిన పిన్‌కోడ్ ఇది. ఒకే రకం బూట్లు వెయ్యి జతలున్నా వెయ్యీ ఒకేలా ఉంటాయి. ఒకేలా ఉన్న పనిని యంత్రానికి నేర్పడం సులభం.

వెనక్కి వచ్చే వస్తువు అలా కాదు. ఒకటి విప్పకుండానే వస్తుంది. ఒకటి వాడి, మట్టితో వస్తుంది. ఒకదానికి పెట్టె ఉండదు. ఇంకోదానిలో ఒక కాలి బూటే ఉంటుంది. వెయ్యి వస్తువులు వెనక్కి వస్తే వెయ్యి రకాల కథలు వస్తాయి. ప్రతిదాన్నీ విడిగా చూసి నిర్ణయించాలి. అందుకే వస్తువులు పంపే పనికన్నా వాపసు తీసుకునే పనిని యాంత్రీకరించడం ఇంజనీర్లకు పెద్ద పరీక్ష.

ఇసుకలో గీసిన గీతలు

ముందు వస్తువును గుర్తుపట్టాలి. దానికి ఆధారం బార్‌కోడ్. దీని కథ ఒక సముద్రతీరంలో మొదలైంది. అమెరికాకు చెందిన నార్మన్ జోసెఫ్ వుడ్‌లాండ్ మయామీ బీచ్‌లో కూర్చుని ఆలోచిస్తూ, తనకు తెలిసిన మోర్స్ కోడ్ చుక్కలను, గీతలను ఇసుకలో వేళ్ళతో కిందికి లాగాడు. చుక్క సన్నని గీత అయింది, గీత లావు గీత అయింది. సన్న, లావు గీతలతో సమాచారం రాయవచ్చని అలా తట్టింది. ఆయనకూ, ఆయన మిత్రుడు బెర్నార్డ్ సిల్వర్‌కూ 1952లో దాని మీద పేటెంటు వచ్చింది. అయినా దుకాణంలో బార్‌కోడ్ మొదటిసారి చదవబడింది 1974 జూన్ 26న, ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణంలో. ఆ వస్తువు ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్టు. ఆలోచన పుట్టాక అది పనికి రావడానికి ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది. ఎందుకంటే అప్పటికి లేజర్ స్కానర్లూ, చవకైన కంప్యూటర్లూ లేవు.

మీ బిస్కెట్ ప్యాకెట్టు తిప్పి చూడండి. చాలావాటి మీద గీతల కింద 890తో మొదలయ్యే 13 అంకెలు ఉంటాయి. 890 అంటే ఆ సంఖ్యను మన దేశంలోని జీఎస్1 ఇండియా సంస్థ కేటాయించిందని అర్థం. వస్తువు ఇక్కడే తయారైందని దానికి అర్థం కాదు. చాలామంది ఇక్కడ పొరపడుతుంటారు.

చివరి అంకె చేసే కాపలా

ఆ 13 అంకెల్లో చివరిది ప్రత్యేకం. అది కాపలాదారు. మిగతా 12 అంకెలను స్కానరు సరిగ్గా చదివిందో లేదో అది చెబుతుంది. ఎలాగో లెక్క చేసి చూద్దాం. ఉదాహరణకు 8 9 0 1 2 3 4 5 6 7 8 9 అనే 12 అంకెలు తీసుకుందాం.

మొదటి మెట్టు: ఎడమ నుంచి బేసి స్థానాల్లోని అంకెలు కూడండి. 8 + 0 + 2 + 4 + 6 + 8 = 28.

రెండో మెట్టు: సరి స్థానాల్లోని అంకెలు కూడి, 3తో గుణించండి. 9 + 1 + 3 + 5 + 7 + 9 = 34. దాన్ని 3తో గుణిస్తే 102.

మూడో మెట్టు: రెండూ కూడండి. 28 + 102 = 130.

నాలుగో మెట్టు: ఈ మొత్తాన్ని 10తో నిశ్శేషంగా భాగించేలా చేయడానికి ఎంత కలపాలి? 130 ఇప్పటికే అలా ఉంది కాబట్టి 0. అదే పదమూడో అంకె.

ఇప్పుడు స్కానరు ఏడో స్థానంలోని 4ను పొరపాటున 9గా చదివిందనుకోండి. మొత్తం 135 అవుతుంది. చివరి అంకె 5 ఉండాలి, కానీ పెట్టె మీద 0 ఉంది. స్కానరు వెంటనే "నేను తప్పు చదివాను" అని తెలుసుకుని మళ్ళీ చదువుతుంది. వాపసు వచ్చిన పెట్టెలకు ఈ కాపలా మరీ అవసరం. రెండు ప్రయాణాలు చేసి నలిగి, చిరిగి వచ్చిన కాగితం మీద తప్పు చదవడం సులభం.

గిడ్డంగి లోపల

మన బూట్ల జత గిడ్డంగి చేరింది. ఆ గిడ్డంగి ఎంత పెద్దది? ఒక ఉదాహరణ. 2017లో అమెజాన్ సంస్థ హైదరాబాదు పక్కన శంషాబాద్‌లో తెరిచిన గిడ్డంగి వైశాల్యం సుమారు 4 లక్షల చదరపు అడుగులు. అంటే దాదాపు ఐదు ఫుట్‌బాల్ మైదానాలు. అంత చోట మనిషి ఒక్కో వస్తువు కోసం నడిస్తే రోజంతా నడకతోనే సరిపోతుంది.

అందుకే కొన్ని గిడ్డంగులలో పద్ధతి తిరగేశారు. మనిషి బీరువా దగ్గరికి వెళ్ళడు, బీరువానే మనిషి దగ్గరికి వస్తుంది. 2003లో అమెరికాలో మొదలైన కివా సిస్టమ్స్ అనే సంస్థ పీటలా పొట్టిగా ఉండే రోబోలను తయారుచేసింది. రోబో అల్మారా కిందికి దూరి, దాన్ని కొంచెం పైకెత్తి, మోసుకొస్తుంది. నేల మీద అతికించిన కోడ్‌లను చదువుతూ దారి తెలుసుకుంటుంది. 2012లో ఆ సంస్థను అమెజాన్ 77 కోట్ల 50 లక్షల డాలర్లకు కొనుక్కుంది. మన దేశంలో 2019లో ఫ్లిప్‌కార్ట్ బెంగళూరులోని తన సార్టింగ్ కేంద్రంలో చిన్న రోబోలను దించింది. అవి పార్సిల్‌ను వీపు మీద పెట్టుకుని వెళ్ళి, దాని పిన్‌కోడ్‌కు తగిన గొట్టంలోకి ఒంపేసి వస్తాయి.

వాపసు వచ్చిన పెట్టె సాధారణంగా ఈ మెట్లు దాటుతుంది.

ఒకటి, పలకరింపు. పెట్టె మీది లేబుల్‌ను స్కానరు చదువుతుంది. ఇది ఎవరి ఆర్డరు, ఏ రోజు పంపాం, ఏ కారణంతో తిరిగి వచ్చింది అన్న వివరాలు తెర మీదికి వస్తాయి.

రెండు, తూకం. కన్వేయర్ బెల్టు మీద కదులుతుండగానే పెట్టె బరువు, కొలతలు తెలిసిపోతాయి. వెళ్ళినప్పుడు 900 గ్రాములున్న పెట్టె 450 గ్రాములతో తిరిగి వస్తే లోపల ఒక బూటే ఉందేమో అని అనుమానించి, దాన్ని పక్క దారిలోకి మళ్ళిస్తుంది.

మూడు, పరిశీలన. ఇక్కడ మనిషి కూర్చుంటారు. పెట్టె విప్పి, వస్తువును తిప్పి చూసి, తెర మీద వచ్చే ప్రశ్నలకు జవాబు నొక్కుతారు. సీలు ఉందా? అడుగు భాగం అరిగిందా? రెండూ ఒకే సైజా?

నాలుగు, తీర్పు. ఆ జవాబులను బట్టి కంప్యూటరు దారి చెబుతుంది. మీరు కంప్యూటర్ సైన్స్ తరగతిలో రాసే షరతుల వంటివే ఇవి. కొత్తగా ఉండి, పెట్టె బాగుంటే తిరిగి అమ్మకానికి పంపు. వస్తువు బాగుండి, పెట్టె చిరిగితే కొత్త పెట్టెలో సర్దు. బాగుచేయగలిగితే మరమ్మతుకు పంపు. తయారీలోనే లోపముంటే తయారీదారుకు పంపు. ఇవేవీ కాకపోతే తక్కువ ధరకు టోకున అమ్ము. అదీ కుదరకపోతే విడదీసి రీసైక్లింగ్‌కు పంపు.

ఐదు, చోటు. మన స్కూలు లైబ్రరీలో వాపసు చేసిన పుస్తకం తన చోటికే వెళ్ళాలి. లేకపోతే మళ్ళీ దొరకదు. చాలా ఆధునిక గిడ్డంగులలో మాత్రం తిరిగి వచ్చిన బూట్ల జత ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చుంటుంది. పక్కన ప్రెషర్ కుక్కర్ ఉండవచ్చు, అట్లాసు ఉండవచ్చు. చూడ్డానికి చిందరవందరగా ఉంటుంది. కానీ ఆ అర అంకె, ఈ వస్తువు అంకె కంప్యూటరులో జత అయ్యాయి కాబట్టి క్షణంలో దొరుకుతుంది. వాపసులు ఒకటొకటిగా వస్తాయి కనుక వాటికి ఈ పద్ధతి బాగా నప్పుతుంది.

బదిలీ సమయంలో మన ఇంట్లో జరిగేది గుర్తు తెచ్చుకోండి. తీసుకెళ్ళేవి, పక్కింటివాళ్ళకు ఇచ్చేవి, బాగుచేయించేవి, పాత సామానుల వాడికి వేసేవి అని నాలుగు కుప్పలు వేస్తాం కదా! నాలుగో మెట్టులో జరిగేది అచ్చంగా అదే.

యంత్రం ఆగే చోటు

మోయడం, తూచడం, చదవడం, గుర్తుపెట్టుకోవడంలో యంత్రం మనకంటే ముందుంది. కానీ ఒక చొక్కాను ఒకసారి తొడిగి చూశారా, పెళ్ళికి వేసుకుని ఉతికి పంపారా అన్నది తేల్చడం దానికి కష్టం. బట్టను వేళ్ళ మధ్య నలిపి చూడాలి, వాసన చూడాలి. కెమెరాలు, కృత్రిమ మేధ ఇప్పుడు మరకలను, చిరుగులను గుర్తించడం నేర్చుకుంటున్నాయి. అయినా మెత్తని బట్టను మడతలు విప్పి తిప్పి చూడటం మనిషి చేతికి ఉన్నంత సులువుగా రోబో చేతికి ఇంకా రాలేదు. అందువల్ల మంచి గిడ్డంగిలో యంత్రం బరువు మోస్తుంది, మనిషి నిదానంగా చూస్తాడు. యంత్రం వేగాన్ని మనిషి మీద రుద్దితే చూపు తగ్గుతుంది, తప్పులు పెరుగుతాయి.

మన దీవి లెక్క వేరు

ఇక ఫీనిక్స్ బేకు వద్దాం. మన జెట్టీ నుంచి స్వరాజ్ ద్వీప్‌కు, రంగత్‌కు, హట్ బేకు పడవలు వెళ్తుంటాయి. చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం నుంచి వచ్చే ఓడలు హడ్డో రేవులో ఆగుతాయి. విశాఖ మనకు దాదాపు 1200 కిలోమీటర్ల దూరం. ఓడలో రెండున్నర, మూడు రోజుల ప్రయాణం. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన సుమారు 2300 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ కేబుల్ ప్రారంభమైంది. దాంతో మన ఆర్డరు కాంతి రూపంలో క్షణంలో వెళ్ళిపోతోంది. కానీ పెట్టె మాత్రం ఓడలోనో విమానంలోనో, వాతావరణం ఒప్పుకున్నప్పుడే వస్తుంది.

మన పిన్‌కోడ్ 744తో మొదలవుతుంది. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ పద్ధతి వచ్చినప్పుడు దేశాన్ని భాగాలుగా చేశారు. మొదటి అంకె 7 అంటే పశ్చిమ బెంగాల్, ఒడిశా, ఈశాన్య రాష్ట్రాలు, వాటితోపాటు మన దీవులు. శ్రీకాకుళంలోనో వరంగల్‌లోనో ఉన్న మీ అమ్మమ్మగారి ఊరి పిన్‌కోడ్ 5తో మొదలవుతుంది. యంత్రం చదివే మొదటి ప్రశ్న ఇదే: ఈ పెట్టె ఎంత దూరం వెళ్ళాలి?

ఒక లెక్క వేద్దాం. ఇవి ఊహించుకున్న అంకెలు. వస్తువు ధర 300 రూపాయలు. దీవి నుంచి వెనక్కి తెచ్చే ఖర్చు 180. విప్పి చూడటానికి 40. మళ్ళీ సర్దడానికి 30. మొత్తం ఖర్చు 250. విప్పిన వస్తువు కాబట్టి రెండోసారి 240కే అమ్ముడుపోతుంది. అంటే తెచ్చుకుంటే 10 రూపాయలు నష్టం! ఇలాంటప్పుడు కొన్ని సంస్థలు "డబ్బు తిరిగి ఇస్తాం, వస్తువు మీ దగ్గరే ఉంచుకోండి" అంటాయి. వినడానికి బాగుంటుంది. కానీ పనికిరాని ఆ వస్తువు ఎక్కడికి పోతుంది? ఇక్కడే ఉంటుంది, మన దీవి మీదే. విశాఖలో చెత్త పోయడానికి ఊరి బయట చోటు వెతుకుతారు. దీవిలో ఊరి బయట అంటే అడవి, ఆపైన సముద్రం.

ఇంకో చిక్కు ఉంది. లోపమున్న, ఉబ్బిన లిథియం బ్యాటరీలను విమానంలో పంపకూడదన్నది అంతర్జాతీయ విమాన రవాణా నియమం. మంటలు రేగే ప్రమాదం ఉంది కాబట్టి. అంటే విమానంలో వచ్చిన పవర్ బ్యాంకు పాడైతే విమానంలో తిరిగి వెళ్ళలేదు. ఆ విషయం దాచి పెట్టెలో పెట్టి పంపడం నేరుగా ప్రయాణికుల ప్రాణాలతో ఆడుకోవడమే.

మీరు పెట్టే టిక్కు

వాపసు పంపేటప్పుడు ఫోనులో ఒక ప్రశ్న వస్తుంది: "ఎందుకు తిరిగి పంపుతున్నారు?" చాలామంది చదవకుండానే ఏదో ఒకటి నొక్కేస్తారు. బూట్లు బిగుతుగా ఉంటే "సైజు సరిపోలేదు" అనాలి. "లోపముంది" అని నొక్కితే డబ్బు త్వరగా వస్తుందని ఎవరో చెబుతారు, అలాగే నొక్కుతాం. అప్పుడేమవుతుంది?

బాగున్న బూట్లు లోపమున్న వస్తువుల దారిలో పడతాయి. కొత్తగా అమ్ముడుపోవాల్సినవి టోకు కుప్పలోకి పోవచ్చు. తయారుచేసినవారి లెక్కలో లేని లోపం చేరుతుంది. అదే సైజు తేడా నిజంగా ఉందని వందమంది నిజం చెబితే, "ఈ బూట్లు ఒక సైజు చిన్నగా వస్తాయి" అన్న సూచన తర్వాత కొనేవారికి కనిపించగలదు. అంటే మన ఒక్క టిక్కు ఎవరో తెలియని పిల్లవాడికి రెండు సముద్ర ప్రయాణాలను మిగల్చగలదు. యంత్రానికి అబద్ధం తెలియదు. మనం చెప్పిందే నమ్ముతుంది. తొమ్మిదో పెట్టె మీద "గాజు" అని రాయకపోతే, దాన్ని మోసిన కళాసీ తప్పేముంది?

మీ హక్కు

నిజాయితీ ఒకవైపే ఉంటే సరిపోదు. 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం, లోపమున్న వస్తువును గానీ, ప్రకటనలో చెప్పినట్టు లేని వస్తువును గానీ తిరిగి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. ఫిర్యాదు అందిందని సంస్థ 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. బదిలీ దగ్గర పడినప్పుడు ఆర్డరు పెట్టే ముందు వాపసు గడువు ఎన్ని రోజులో చూసుకోండి. పెట్టె ఇక్కడికి వచ్చేసరికి మీరు జోధ్‌పూర్‌లో ఉంటే ఆ లెక్క ఏ కంప్యూటరుకూ అందదు.

కొనే ముందు పాదాన్ని కాగితం మీద పెట్టి గీసి, స్కేలుతో కొలవండి. వచ్చాక పెట్టె చింపకుండా విప్పండి. తిరిగి పంపాల్సి వస్తే ఉన్నదున్నట్టు రాయండి. ఆ బూట్ల జత మూడు రోజులు సముద్రం మీద ప్రయాణించి వెళ్ళేది ఒక యంత్రం దగ్గరికి మాత్రమే కాదు. దాని అవతల తెర ముందు కూర్చుని మీ పెట్టె విప్పే ఒక మనిషి ఉన్నారు.

చేసి చూడండి

1. 8 9 0 2 5 0 3 1 4 7 6 2 అనే 12 అంకెలకు పదమూడో అంకె ఎంత?

2. పక్కపక్కన ఉన్న 1, 6 అంకెలు తారుమారైతే చివరి అంకె ఆ తప్పును పట్టుకోగలదా? 1, 4 అయితే? కారణం ఆలోచించండి.

3. మీ ఇంట్లో వాడని వస్తువులు పది తీసుకోండి. వాడటం, ఇచ్చేయడం, బాగుచేయడం, రీసైక్లింగ్ అని నాలుగు కుప్పలు వేయండి. ఏ ప్రశ్నలు అడిగి నిర్ణయించారో వరుసగా రాయండి. అదే మీరు రాసిన మొదటి గిడ్డంగి ప్రోగ్రాము.

జవాబులు: 1) మొత్తం 26 + 63 = 89, కాబట్టి చివరి అంకె 1. 2) 1, 6 తారుమారైతే పట్టుకోలేదు. రెంటి తేడా 5 కాబట్టి మొత్తంలో మార్పు సరిగ్గా 10 వస్తుంది, చివరి అంకె మారదు. 1, 4 అయితే మార్పు 6, కాబట్టి పట్టుకుంటుంది. చూశారా, కాపలాదారుకూ ఒక కునుకు ఉంది!